ఆకులు రాలే కాలంలో గుర్రంతో అడవి క్యాంపింగ్: బయలుదేరే ముందు చూసుకోవాల్సినవి

అక్టోబరు వచ్చిందంటే అమెరికాలో నార్త్ కరోలినాలోని షార్లెట్, రాలీ చుట్టుపక్కల మనవాళ్లు చాలామంది స్మోకీ మౌంటెన్స్ దారి పడతారు, ఆకుల రంగులు చూడటానికి. పిల్లలు గుర్రపు స్వారీ నేర్చుకుంటున్న ఇళ్లలో ఇంకో కోరిక కూడా ఉంటుంది. గుర్రాన్ని ట్రైలర్‌లో ఎక్కించుకుని వెళ్లి, రెండు రాత్రులు అడవిలోనే ఉండి రావాలని. తప్పకుండా వెళ్లండి. అయితే అందరూ టెన్షన్ పడేది ఎలుగుబంట్ల గురించి, లోయల గురించి. నన్నడిగితే అసలు కనిపెట్టుకోవాల్సింది గుర్రాన్ని కట్టేసే చోటుని. రోజుకి నాలుగైదు గంటలు స్వారీ చేస్తామేమో, మిగతా పంతొమ్మిది ఇరవై గంటలు ఆ నోరు లేని జీవం మనం కట్టిన చోటే నిలబడి ఉంటుంది. దాని నోటికి ఏం అందుతుందో, కాలికి ఏం తగులుతుందో చూసుకునే పూచీ మనదే.

ముందు కాగితాలు. కాగిన్స్ టెస్ట్ నెగటివ్ రిపోర్ట్ లేకుండా గుర్రాన్ని కదిలించొద్దు. అది ఈక్వైన్ ఇన్ఫెక్షియస్ అనీమియా అనే జబ్బుకి చేసే రక్తపరీక్ష. ఆ జబ్బు జోరీగల ద్వారా, వాడిన సూదుల ద్వారా అంటుకుంటుంది, దానికి మందు లేదు, అమెరికాలో టీకా కూడా లేదు. చాలా రాష్ట్రాలు 12 నెలల లోపు చేయించిన రిపోర్టే ఒప్పుకుంటాయి. స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్క్ నార్త్ కరోలినా, టెన్నెసీ రెండింటిలోనూ ఉంది కాబట్టి, రాష్ట్రం దాటేటట్టయితే వెటర్నరీ డాక్టర్ ఇచ్చే హెల్త్ సర్టిఫికెట్ కూడా దగ్గర పెట్టుకోండి. అది సాధారణంగా 30 రోజులే చెల్లుతుంది. ధనుర్వాతం, రేబిస్, వెస్ట్ నైల్, మెదడువాపు టీకాలు ఈ ఏడాదివి పడ్డాయో లేదో అప్పుడే అడిగేయండి.

పార్కులో బండి వెళ్లగలిగే గుర్రాల క్యాంపులు ఐదు: కాటలూచీ, బిగ్ క్రీక్, రౌండ్ బాటమ్, టో స్ట్రింగ్, టెన్నెసీ వైపు యాంథనీ క్రీక్. ముందుగా బుక్ చేసుకోవాలి. 2024 సెప్టెంబరు చివర్లో వచ్చిన హెలీన్ తుఫాను కాటలూచీ, బిగ్ క్రీక్ వైపు రోడ్లని, వంతెనల్ని బాగా దెబ్బతీసింది. అందుకని ఏ క్యాంపు, ఏ ట్రైల్ తెరిచి ఉన్నాయో బుక్ చేసేటప్పుడు ఒకసారి, బయలుదేరే ముందురోజు ఇంకోసారి పార్క్ సైట్‌లో చూడండి. గుర్రం బండితో కొండదారిలో వెనక్కి తిప్పుకోవడం అంత తేలిక కాదు. వంటచెరకు ఇంటి నుంచి పట్టుకెళ్లొద్దు. చెట్లని తినే పురుగులు కట్టెలతోపాటు వస్తాయని, వేడి చేసి సర్టిఫై చేసిన కట్టెల్నే 2015 నుంచి లోపలికి రానిస్తున్నారు.

ఇక కట్టేసే సంగతి. కట్టుకొయ్యలు ఉన్న క్యాంపులో వాటికే కట్టాలి. చెట్టు మొదలుకి నేరుగా కట్టడం ఎక్కడైనా తప్పే. గుర్రం విసుగొచ్చి గిట్టలతో తవ్వితే వేళ్లు బయటపడతాయి, తాడు రాపిడికి బెరడు ఊడిపోతుంది, చెట్టు చచ్చిపోతుంది. పక్కనున్న నేషనల్ ఫారెస్టుల్లో హైలైన్ (గుర్రం తలకి పైన అడ్డంగా కట్టే తాడు) కట్టుకోనిచ్చే చోట, రెండు చెట్లకి వెడల్పాటి పట్టీలు చుట్టి, వాటి మధ్య తాడుని ఏడడుగుల ఎత్తుకి తగ్గకుండా బిగుతుగా లాగి కట్టండి. గుర్రం తాడు దానికి వేలాడాలి. తల వంచితే ముక్కు నేలకి అందాలి, అంతకు మించి జానెడు కూడా వదులు ఉండకూడదు. వదులు తాడులో ముందుకాలు పడిందంటే గుర్రం బెదిరి గుంజుకుంటుంది, నిమిషంలో కాలు విరగ్గొట్టుకోగలదు. ముడి ఎప్పుడూ ఒక్క లాగుకి ఊడిపోయేదే వేయాలి. ఆ ముడిని మీ పాప కూడా చీకట్లో విప్పగలగాలి. పదునైన కత్తి ఒకటి అందరికీ తెలిసిన చోట వేలాడదీయండి. ఇవన్నీ ఇంటి దగ్గరే ఒక రాత్రి చేసి చూసుకోండి. మొదటిసారి కట్టడం అడవిలో కాకూడదు.

అన్నిటికంటే పట్టించుకోవాల్సింది చెట్ల గురించి. మనం చూడటానికి వెళ్లే ఆ ఎర్రటి ఆకుల్లో చాలా రెడ్ మేపుల్ చెట్లవే. చెట్టు మీద పచ్చిగా ఉన్నప్పుడు పెద్దగా హాని చేయవు గానీ, రాలి వాడిపోయాక అవి గుర్రానికి విషం. రక్తంలోని ఎర్రకణాలు పగిలిపోతాయి. సుమారు 450 కిలోల గుర్రానికి ఒకటిన్నర కిలో వాడిన ఆకులు ప్రాణం మీదికి తెస్తాయి. ఎండిపోయాక కూడా కొన్ని వారాలపాటు ఆ విషం పోదు. రాత్రి గాలివానకి ఒక కొమ్మ విరిగి గుర్రం ముందు పడితే చాలు. అందుకే చేరగానే చేయాల్సిన మొదటి పని టెంట్ వేయడం కాదు. ఒక రేక్ తీసుకుని గుర్రం నిలబడే చోటు చుట్టూ, దాని మెడ సాగేంత మేర ఆకులన్నీ ఊడ్చేయాలి. పొద్దున్నే మళ్లీ ఊడ్చాలి. గడ్డిని నేలమీద పరవకుండా వలసంచిలో, కాలు చిక్కుకోనంత ఎత్తులో కడితే గడ్డితోపాటు ఆకులు నోట్లోకి పోవు.

మేపుల్ ఒక్కటే కాదు. అడవి చెర్రీ ఆకులు వాడిపోతే వాటిలో సయనైడ్ తయారవుతుంది, అది నిమిషాల్లో పనిచేస్తుంది. బ్లాక్ లోకస్ట్ బెరడు కూడా విషమే, ఊరికే నిలబడ్డ గుర్రం దాన్నే కొరుకుతుంది. రోడోడెండ్రాన్, మౌంటెన్ లారెల్ పొదలు ఆ కొండల్లో ట్రైల్ పొడవునా ఉంటాయి. మిగతావన్నీ ఎండినా ఇవి పచ్చగానే ఉంటాయి కాబట్టి, దారిలో ఆగినప్పుడు గుర్రం ఒక రెమ్మ అందుకుంటుంది. ఒక్క రెమ్మే కదా అని పగ్గం వదిలేయకండి. గుర్రానికి వాంతి చేసుకునే వీలు లేదు. లోపలికి పోయింది ఇక వెనక్కి రాదు.

తిండీ నీళ్లూ. అడవిలో మేపుకోవచ్చులే అనుకుని వెళ్లొద్దు. 450 కిలోల గుర్రానికి రోజుకి ఏడు నుంచి తొమ్మిది కిలోల ఎండుగడ్డి కావాలి, అదీ ఇంట్లో తింటున్న గడ్డే. గడ్డి మార్చాల్సి వస్తే వారం పది రోజుల ముందు నుంచే కొద్దికొద్దిగా కలుపుతూ అలవాటు చేయాలి. నీళ్లు రోజుకి 20 నుంచి 40 లీటర్లు తాగుతుంది. కొత్తచోటి నీళ్ల వాసన నచ్చక ముట్టని గుర్రాలు చాలా ఉంటాయి. తాగకపోతే పేగుల్లో మేత గట్టిపడి కడుపునొప్పి వస్తుంది, గుర్రాల్లో దీన్నే కోలిక్ అంటారు. వెళ్లే ముందు కొన్ని రోజులు ఇంటి నీళ్లలో కొంచెం ఆపిల్ జ్యూస్ కలిపి అలవాటు చేస్తే, అక్కడా అదే రుచికి తాగుతుంది. బకెట్ మీది మీరే తీసుకెళ్లండి, పక్కవాళ్ల గుర్రంతో పంచుకోవద్దు. దాణాని రాత్రి బండిలో పెట్టి తాళం వేయండి. ఆ పార్కులో దాదాపు 1,900 ఎలుగుబంట్లు ఉన్నాయని అంచనా. బెల్లంపాకం కలిసిన దాణా వాసన వాటిని ఎంత దూరం నుంచైనా రప్పిస్తుంది.

ట్రైల్ మీద రెండు విషయాలు. మొదటిది నేలలో గూడు పెట్టే కందిరీగలు. ఎండాకాలం చివర్లో, ఆకురాలు కాలంలో వీటి ఉధృతి ఎక్కువ. ముందు వెళ్లే గుర్రం గూడు తొక్కితే కుట్టేది వెనకున్న వాటిని. ఎవరైనా “కందిరీగలు” అని అరిస్తే గూడు దాటినవాళ్లు ఆగకుండా ముందుకి పోవాలి, దాటనివాళ్లు వెనక్కి వెళ్లి చుట్టుతిరిగి రావాలి. పిల్లల్ని వరసలో చివర పెట్టొద్దు. రెండోది ఎల్క్. 2001లో కాటలూచీలో తిరిగి ప్రవేశపెట్టిన ఈ పెద్ద దుప్పులు సెప్టెంబరు, అక్టోబరుల్లో ఎదకొచ్చి, ఈల వేసినట్టు అరుస్తాయి. ఆ అరుపు ఎన్నడూ వినని గుర్రం చెంగుమని పక్కకి దూకుతుంది. కనీసం 50 గజాల దూరంలో ఉండండి. పార్కులో వేట లేదు గానీ పక్క నేషనల్ ఫారెస్టుల్లో అది వేట సీజన్, అక్కడ మీరూ గుర్రమూ నారింజ రంగు వేసుకోవాల్సిందే. హెల్మెట్ గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

పొద్దున ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి గుర్రాన్ని చూడటం అలవాటు చేసుకోండి. దవడ ఎముక లోపలి అంచున వేళ్లతో తడిమితే తాడులా జారే నాడి తగులుతుంది. బొటనవేలు వాడొద్దు, మన నాడే మనకి తెలుస్తుంది. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. నిమిషానికి 28 నుంచి 44 మామూలే. ఊరికే నిలబడి ఉండగా 60 దాటితే ఆలస్యం చేయకూడదు. పై పెదవి ఎత్తి చిగురుని వేలితో నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగులోకి రావాలి. చిగురు పసుపుగానో గోధుమరంగుగానో ఉన్నా, మూత్రం ముదురు రంగులో పోస్తున్నా మేపుల్ ఆకులు తిన్నదేమోనని అనుమానించాలి. జ్వరం 101.5 ఫారెన్‌హీట్ దాటకూడదు. పొట్టవైపు తిరిగి తిరిగి చూస్తున్నా, గిట్టతో నేల గీరుతున్నా, దొర్లుతున్నా, లద్దె వేయకపోయినా అది కోలిక్ అనుకుని గడ్డి తీసేసి డాక్టర్‌కి ఫోన్ చేయండి. పెట్టెలో బానమైన్ (గుర్రాలకి ఇచ్చే నొప్పి మందు) ఉంది కదా అని కండలో ఇంజెక్షన్ పొడిచేయకండి. దానివల్ల కండలో ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్ రావచ్చు. డాక్టర్ చెప్పిన మోతాదు, చెప్పిన పద్ధతిలోనే.

ఆ ఫోన్ చేయడానికే కాటలూచీ లాంటి చోట్ల సిగ్నల్ ఉండదు. కాబట్టి దగ్గర్లో గుర్రాలు చూసే డాక్టర్ ఎవరో, రాత్రి పిలిస్తే వస్తారో లేదో ఇంటి నుంచే ఫోన్ చేసి కనుక్కోండి. నంబరు కాగితం మీద రాసి పెట్టుకోండి. సిగ్నల్ ఎక్కడిదాకా వెళ్తే దొరుకుతుందో లోపలికి వచ్చేటప్పుడే చూసుకోండి. గుర్రం హాల్టర్‌కి (తలకి తొడిగే పట్టీకి) మీ నంబరున్న బిళ్ల తగిలించండి, రాత్రి తప్పించుకుంటే పట్టుకున్నవాళ్లు మీకు చెప్పగలగాలి. ట్రైలర్‌ని బండికి తగిలించే ఉంచి, బండి ముందు భాగం బయటకి వెళ్లే దారివైపు ఉండేలా తిప్పి నిలపండి. తాళాలు ఎక్కడున్నాయో పెద్దవాళ్లందరికీ తెలిసి ఉండాలి.