జంట గొట్టాల రైఫిల్‌కు తూటా ఎంచుకోవడం

గొట్టాలను కిందికి వంచి తూటాలు పెట్టే జంట రైఫిల్‌కు తూటా ఎంచుకునేటప్పుడు మొదట చూడవలసింది గుండు బరువు కాదు, తూటా అడుగుభాగం. కాల్చిన తొడుగును వెనక్కి లాగే పని ఇందులో ఎక్స్‌ట్రాక్టర్‌ది. అడుగున రిమ్ (పొడుచుకు వచ్చిన అంచు) వెడల్పుగా ఉన్న తూటా దానికి గట్టి పట్టు ఇస్తుంది. తూటా ఛాంబర్‌లో, అంటే అది కూర్చునే గొట్టం వెనుక భాగంలో, ఎంత లోతున నిలవాలో నిర్ణయించేది కూడా ఆ రిమ్మే. రిమ్ లేని తూటాలకైతే స్ప్రింగుతో కదిలే చిన్న కొక్కెం తొడుగు గాడిలోకి దిగి పట్టుకోవాలి. మురికి చేరినా, స్ప్రింగు బలహీనపడినా ఆ కొక్కెం జారి, ఖాళీ తొడుగు లోపలే ఉండిపోవచ్చు. కాబట్టి 9.3x74ఆర్, .450/400, .470 నైట్రో ఎక్స్‌ప్రెస్ వంటి రిమ్ ఉన్న రకాలే నా దృష్టిలో మేలు.

రెండవది ఒత్తిడి, అంటే మందు పేలినప్పుడు ఛాంబర్‌లో పుట్టేది. 1956లో వచ్చిన .458 విన్‌చెస్టర్ మాగ్నమ్ 2.5 అంగుళాల తొడుగుతో చేయబోయిన పనిని, .470 తన 3.25 అంగుళాల తొడుగుతో అంతకంటే బాగా తక్కువ ఒత్తిడిలోనే చేస్తుంది: 500 గ్రెయిన్ల బరువున్న గుండు, సెకనుకు సుమారు 2150 అడుగుల వేగం. ఒత్తిడి తగ్గితే రైఫిల్ కీలు మీద, తాళం మీద భారం తగ్గడమే కాక, ఎండ తీవ్రతకు మందు వేడెక్కినప్పుడు కూడా తొడుగు ఛాంబర్‌లో బిగుసుకుపోయే ప్రమాదం తగ్గుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది రెగ్యులేషన్. రెండు గొట్టాల గుండ్లూ నిర్ణీత దూరంలో దాదాపు ఒకేచోట తగిలేలా తయారీదారు వాటిని ఒక నిర్దిష్టమైన గుండు బరువుకు, వేగానికి సరిచేసి అతికిస్తాడు. పక్కపక్కన గొట్టాలున్న రైఫిల్‌లో కుడి గొట్టం పేలితే రైఫిల్ కుడివైపుకు, ఎడమది పేలితే ఎడమవైపుకు కదులుతుంది. ఆ కదలికను కూడా లెక్కలోకి తీసుకునే అతికింపు జరుగుతుంది. గుండు వేగం మరీ ఎక్కువైతే కదలిక పూర్తికాకముందే అది గొట్టం దాటిపోయి రెండు దెబ్బలూ ఒకదానినొకటి దాటి తగులుతాయి; వేగం తగ్గితే దూరదూరంగా పడతాయి. కొత్త పెట్టె మీద అదే క్యాలిబర్ పేరు ఉన్నంత మాత్రాన చాలదు.

పాత రైఫిల్ అయితే గొట్టాల అడుగున ఉన్న ప్రూఫ్ ముద్రలు (ఏ మందుకు, ఎంత ఒత్తిడికి పరీక్షించారో తెలిపే గుర్తులు) చదవకుండా ఏ తూటా కొనకూడదు. నల్లమందుకు మాత్రమే పరీక్షించిన రైఫిల్‌లో పూర్తిస్థాయి నైట్రో (పొగరాని మందు) తూటా పేల్చడం ప్రాణాంతకం కావచ్చు. పలుచని పాత గొట్టాల్లో పూర్తిగా ఒకే లోహంతో చేసిన గట్టి గుండ్లు వాడితే, లోపలి గాళ్ల ఆకృతి బయటి ఉపరితలం మీద ఉబ్బి కనిపించే ప్రమాదం కూడా ఉంది. అనుమానం ఉంటే నిపుణుడైన తుపాకీ మెకానిక్‌చేత ఛాంబర్ అచ్చు తీయించి, గొట్టం లోపలి కొలతను గుండు వ్యాసంతో పోల్చి చూడాలి.

ఎంచుకున్న తూటాలతో కుడి, ఎడమ గొట్టాలను వరుసగా లక్ష్యంపై పేల్చి చూసి, దెబ్బలు సరిగా కూడితే, అదే లాట్ సంఖ్య (ఒకే విడతలో తయారైనట్టు తెలిపే సంఖ్య) ఉన్న పెట్టెలు అవసరానికి సరిపడా ఒకేసారి తీసుకోవడం మంచిది.