సరస్సు మీద బాతుల గుంపును లెక్కపెట్టే చిట్కా

చలి తగ్గుముఖం పట్టి వలస బాతులు ఉత్తరానికి తిరుగు ప్రయాణం కట్టే రోజుల్లో సరస్సు నిండా పిట్టలే. ఒకటి, రెండు అని లెక్క మొదలుపెడితే నలభై దాటేలోపే గుంపు కదిలిపోతుంది, లెక్క తప్పుతుంది.

ముందు ఎండ మీ వీపు మీద పడేలా నిలబడండి. అంటే పొద్దున తూర్పు గట్టు, సాయంత్రం పడమటి గట్టు. ఎదురెండలో అన్నీ నల్లటి బొమ్మలే, రకం కూడా తెలియదు.

తర్వాత గుంపు అంచున 10 పిట్టల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, అవి ఎంత మేర ఉన్నాయో కంటితో కొలత పెట్టుకోండి. ఆ కొలతను గుంపు పొడవునా జరుపుకుంటూ పోండి: పది, ఇరవై, ముప్పై... గుంపు మరీ పెద్దదైతే 50 కొలత చేసుకోవచ్చు. గుంపు మధ్యలో పిట్టలు ఒత్తుగా ఉంటాయి కాబట్టి అక్కడ కొలత మళ్లీ కొత్తగా తీసుకోవాలి. ఎక్కువమంది లెక్క తగ్గేది ఇక్కడే. ఎడమ నుంచి ఓసారి, కుడి నుంచి ఓసారి లెక్కపెట్టి సగటు రాసుకోండి. ఎగిరే గుంపుకైతే ఇంత శ్రమెందుకు, ఫొటో తీసి తీరిగ్గా పెద్దది చేసి చూసుకోవడమే మేలు.

మునిగి మేసే బాతుల దగ్గర మాత్రం ఇది పనిచేయదు. తోక ఒక్కసారి పైకి లేచిందో లేదో, పిట్ట మాయం. ఎప్పుడూ కొన్ని నీటి అడుగునే ఉంటాయి. అలాంటప్పుడు ఒకే చోటును రెండు మూడు నిమిషాలు చూసి, కనిపించిన వాటిలో పెద్ద అంకెనే తీసుకోండి.