పాలమూరు, నల్లగొండ ఎండల్లో సంపెంగ చెట్టును పెంచడం ఎలా?

మాగ్నోలియా అనగానే ఫోటోల్లో చూసిన పెద్ద తెల్లపూల చెట్టు కోసం చాలామంది నర్సరీలు తిరుగుతారు. దాని పుట్టిల్లు అమెరికా ఆగ్నేయ ప్రాంతం. తేమగాలికి అలవాటుపడిన ఆ చెట్టు మన వడగాడ్పులకు సులువుగా తట్టుకోలేదు. అంత దూరం చూడాల్సిన పనిలేదు, మన సంపెంగ కూడా మాగ్నోలియానే. ఒకప్పుడు మిచేలియా చంపకా అన్న ఈ చెట్టునే వృక్షశాస్త్రం ఇప్పుడు మాగ్నోలియా చంపకా అంటోంది.

అయితే సంపెంగ కూడా వానలు దండిగా కురిసే కొండల చెట్టే. ఏడాదికి సుమారు 600 నుంచి 750 మిల్లీమీటర్ల వానే పడే మన జిల్లాల్లో అది నిలవాలంటే మొదటి మూడు వేసవులు పసిబిడ్డలా చూసుకోవాలి. ఆపైన మనం ఏ నీళ్లు పోస్తున్నామన్నదే అసలు సంగతి.

మొక్క ఎంపిక

ఉత్త సంపెంగ అని అడిగితే వేరే మొక్క చేతికి రావచ్చు. ఆకుసంపెంగ సీతాఫలం కుటుంబానికి చెందినది. నేలసంపెంగ దుంప మొక్క, దండల్లో లిల్లీ పేరుతో వాడేది అదే. మీకు కావలసింది పసుపు, నారింజ కలిసిన రంగులో పూసే చెట్టు సంపెంగ. సింహాచలం సంపెంగ అని అడిగినా ఇస్తారు.

గింజ మొక్క పూతకు రావడానికి ఏడెనిమిదేళ్లు పట్టవచ్చు, అంటు మొక్క రెండు మూడేళ్లకే పూస్తుంది. కాబట్టి అంటు మొక్కనే తెచ్చుకోండి. కాండం మీద అంటుకట్టిన ముడి స్పష్టంగా కనిపించాలి. సంచిని తిప్పి అడుగు కూడా చూడండి. వేర్లు చిల్లుల్లోంచి బయటికొచ్చి చుట్టలు చుట్టుకుని ఉంటే ఆ మొక్క వద్దు. సంపెంగ వేర్లు కండగా, పెళుసుగా ఉంటాయి. తెగితే తొందరగా కోలుకోవు.

గొయ్యి, నాటడం

మే నెలలోనే గొయ్యి తీసి ఎండనివ్వండి. గోడకు కనీసం 15 అడుగుల దూరం ఉండాలి. మన ఎర్ర చెలకల్లో చాలాచోట్ల అడుగున్నర దిగగానే గట్టి మొరం తగులుతుంది. అక్కడ ఆపేస్తే చెట్టు కుండీలో ఉన్నట్టే. గడ్డపారతో పొడిచి రెండున్నర అడుగుల లోతు, అంతే వెడల్పు తీయండి. రెండు బకెట్ల నీళ్లు పోసి మర్నాడు చూడండి. ఇంకా నీళ్లు నిలిచి ఉంటే చోటు మార్చండి. నల్లరేగడి అయితే అడుగు ఎత్తు దిబ్బ చేసి దాని మీద నాటడమే మేలు.

పై మట్టిలో మూడో వంతు బాగా చివికిన పశువుల ఎరువు, రెండు గుప్పెళ్ల వేపపిండి కలిపి గొయ్యి నింపండి. మృగశిర కార్తె దాటి, రెండు మంచి వానలు పడ్డాక సాయంత్రం పూట నాటండి. సంచిని బ్లేడుతో నిలువుగా కోసి, మట్టిగడ్డ చెదరకుండా దించాలి. అంటు ముడి నేలకు పైనే ఉండాలి. ముడి కింద వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లేయండి. అవి సంపెంగవి కావు, అంటు కట్టడానికి వాడిన అడుగు మొక్కవి.

నీళ్లు

మా ఇంట్లో మొదటి సంపెంగ నా తొందరపాటు వల్లే పోయింది. కొత్త ఆకుల్లో ఈనెలు పచ్చగానే ఉండి, వాటి మధ్య భాగం నిమ్మపండు రంగుకు తిరిగింది. ఆకును వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే చేపముల్లులా కనిపించేది. బలం చాలలేదనుకుని యూరియా వేశాను. అది ఇనుపధాతువు లోపం. నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్ల సంగతి అందరికీ తెలిసిందే. అలాంటి బోరు నీళ్లు చాలావరకు క్షారగుణంతో ఉంటాయి. వాటితో మట్టి కూడా క్షారమైపోతే అందులో ఇనుము ఉన్నా వేర్లకు అందదు.

ఈ గుర్తు కనిపిస్తే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి, చల్లపూట ఆకులపై పిచికారీ చేయండి. పది రోజుల ఎడంతో రెండు మూడు సార్లు చాలు. డాబా మీద పడే వాన నీళ్లను డ్రమ్ముల్లో పట్టి ఈ మొక్కకే దాచితే ఇంకా మంచిది.

చిన్న మొక్కకు రెండు మూడు రోజులకోసారి నీళ్లు చాలు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం రోజూ సాయంత్రం పోయాలి. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు, లేత సంపెంగ ఎంత? పడమటి వైపు తాటికమ్మలు పాతి నీడ కట్టండి. పాదులో వేరుశనగ పొట్టో వరిగడ్డో నాలుగు అంగుళాల మందాన పరవండి. కాండానికి నాలుగు వేళ్ల ఎడం వదలాలి.

పూత వచ్చాక

కొమ్మల కత్తిరింపు పెద్దగా అక్కర్లేదు. పూత తగ్గాక ఎండుకొమ్మలు తీస్తే చాలు. పొలుసు పురుగు పడితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీరు కలిపి కొట్టండి.

తుమ్మెద సంపెంగ మీద వాలదని మన కవుల మాట. మాగ్నోలియాలకు పరాగసంపర్కం చేసేవి ఎక్కువగా పెంకుపురుగులే, కాబట్టి పూలలో అవి కనిపిస్తే మందు కొట్టకండి. పూలు కోసేది తెల్లవారుజామున, ఎండ తగలక ముందే. కాడతో సహా తుంచి నీళ్లగిన్నెలో వేయండి. రెక్కలు ఎక్కువగా తాకితే నల్లబడతాయి. వాడిన పూలచోట కట్టే కాయల గుత్తులను తుంచేస్తే చెట్టు బలం మళ్లీ పూతకే వెళుతుంది.