డాలస్ పెరట్లో గోల్ఫ్ సిమ్యులేటర్: బయట ఉండేవి, రాత్రికి లోపలికి రావాల్సినవి

గోల్ఫ్ సిమ్యులేటర్ అంటే బంతిని స్క్రీన్‌కి కొడితే అది ఎటు, ఎంత దూరం పోయేదో లెక్కగట్టి చూపే ఏర్పాటు. దాన్ని గ్యారేజీలో కట్టేవాళ్లకు సీలింగ్ ఎత్తుతో తంటా. పెరట్లో ఆ బాధ లేదు కానీ ఎండ, గాలి, వాన మూడూ ఉంటాయి. డాలస్ శివార్లు ఫ్రిస్కో, ప్లేనో, మెకినీ వైపు ఇళ్లల్లో కట్టాలనుకుంటే మొదటే ఒకటి తేల్చుకోండి: పైపుల ఫ్రేము, నేల మాత్రమే బయట ఉండిపోతాయి. స్క్రీన్, ప్రొజెక్టర్, లాంచ్ మానిటర్ (బంతి వేగం, దిశ కొలిచే పరికరం) ఆట అయ్యాక లోపలికి రావాల్సిందే. పది నిమిషాల్లో విప్పేలా కట్టకపోతే రెండో వారం నుంచి విప్పడం మానేస్తారు. ఆ తర్వాత వచ్చే మొదటి గాలివానకి అంతా పోతుంది.

చోటు

పొడవు 20 అడుగులు కావాలి. రాడార్ రకం మానిటర్ బంతికి 7 అడుగుల వెనక ఉంటుంది, బంతి నుంచి స్క్రీన్‌కి 10 అడుగులు, స్క్రీన్ వెనక కనీసం అడుగు ఖాళీ, మిగతాది మీరు నడవడానికి. వెడల్పు కుడిచేతివాళ్లకే అయితే 12 అడుగులు చాలు. ఎడమచేతివాళ్లు కూడా ఆడతారంటే 15 చూసుకోండి.

దిక్కు విషయంలో రెండు సంగతులు. తప్పిన బంతి ఎవరి కిటికీ వైపూ పోకూడదు. కిటికీల్లేని మీ సొంత ఇటుక గోడ ముందు స్క్రీన్ పెట్టుకోవడమే అన్నిటికన్నా మంచిది. రెండోది, పడమర వైపు కొట్టేలా పెట్టకండి. సాయంత్రం ఎండ మీ కళ్లలోనూ పడుతుంది, కెమెరా ఉన్న మానిటరైతే దాని లెన్సులోనూ పడుతుంది.

ఫెన్స్ ఎత్తు 6 అడుగులైతే మీ ఫ్రేము దాని పైకి రెండున్నర అడుగులు కనిపిస్తుంది. కాబట్టి పైపులు కొనకముందే ఎత్తు, కొలతలతో బొమ్మ గీసి హెచ్‌ఓఏకి (మీ కాలనీ ఇళ్ల యజమానుల సంఘానికి) పంపండి. కట్టాక అడిగితే తీసేయమనే అవకాశమే ఎక్కువ.

నేల

డాలస్ చుట్టుపక్కల చాలాచోట్ల మట్టి మన నల్లరేగడి లాంటిదే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. అందుకని అందులో అడుగు లోతు గొయ్యి తీసి స్తంభాలు పాతడం దండగ, ఏడాది తిరిగేసరికి ఒక్కోటి ఒక్కో వైపు ఒరుగుతుంది. ఉన్న కాంక్రీట్ పాటియో వాడుకోవడం సుఖం. అది లేకపోతే 4 అంగుళాల మట్టి తీసి, జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, కంకర పోసి దిమ్మిస కొట్టి, పైన పేవర్లు వేయండి. తవ్వే ముందు 811కి ఫోన్ చేస్తే గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో వచ్చి గుర్తులు పెడతారు. దానికి డబ్బులు అడగరు.

పాటియోతో ఒక చిక్కుంది. నీళ్లు పోవడానికి అడుగుకి పావు అంగుళం దాకా వాలు ఇస్తారు, అంటే సుమారు 1.2 డిగ్రీలు. మానిటర్‌కీ బంతికీ మధ్య 7 అడుగుల్లో ఆ తేడా పావు తక్కువ రెండంగుళాలు అవుతుంది. అలాగే వదిలేస్తే లాంచ్ యాంగిల్ (బంతి లేచే కోణం) ప్రతి షాట్‌లోనూ తప్పు చూపిస్తుంది, తప్పు మీ స్వింగ్‌దే అనుకుని మీరు దాన్ని పాడుచేసుకుంటారు. మీరు నిలబడి కొట్టే మ్యాట్ కింద ముప్పావు అంగుళం ట్రీటెడ్ ప్లైవుడ్ పెట్టి, పల్లం వైపు చెక్క ముక్కలు దోపి, రసమట్టంతో నిలువునా అడ్డంగా చూసి సమం చేయండి. మానిటర్ కూడా నేలమీద కాకుండా మ్యాట్ పైభాగం ఉన్న ఎత్తులోనే కూర్చోవాలి.

ఫ్రేము

వెడల్పు 10, ఎత్తు ఎనిమిదిన్నర, లోతు 5 అడుగుల డబ్బా ఆకారం. ఒక అంగుళం ఈఎమ్‌టీ పైపు (కరెంటు వైర్లకి వాడే పలచని ఉక్కు పైపు) వాడండి. అది గాల్వనైజ్డ్, తుప్పు తొందరగా పట్టదు, 10 అడుగుల ముక్కల్లో దొరుకుతుంది. 9 పైపులు సరిపోతాయి: వెడల్పుకి 3, నిలువుకి 4, సగానికి కోసి లోతుకి 2. మూలలకు మూడుదారుల ఫిట్టింగులు 6, ముందు కింది మూలలకు రెండుదారులవి 2. కొనేటప్పుడు ఈఎమ్‌టీ పైపు ఒకటి చేత్తో పట్టుకెళ్లి దూర్చి చూడండి. ఒక అంగుళం అని రాసి ఉన్నా దాని బయటి వ్యాసం 1.163 అంగుళాలు, వేరే రకం పైపు ఫిట్టింగులు దీనికి సరిపోవు.

బంతి తగిలే అవకాశమున్న ప్రతి పైపుకీ ఫోమ్ తొడగండి, స్క్రీన్ కిందనున్న దానికి తప్పనిసరిగా. ఫోమ్ లేని పైపుకి తగిలిన బంతి చాలా వేగంగా మీ మోకాలికి తిరిగొస్తుంది.

గాలి లెక్క చూడండి. స్క్రీన్ వైశాల్యం 73 చదరపు అడుగులు. గంటకి 20 మైళ్ల గాలి చదరపు అడుగుకి దాదాపు ఒక పౌండు నెడుతుంది, అంటే మొత్తం సుమారు 75 పౌండ్లు. గాలి 40కి పెరిగితే రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. నాలుగు 5 గ్యాలన్ల బకెట్లు తీసుకుని, ఒక్కోదాంట్లో 80 పౌండ్ల కాంక్రీట్ బస్తా కలిపి పోసి, తడి మీదే ఐబోల్ట్ (తల దగ్గర రింగున్న బోల్టు) దింపండి. గట్టిపడ్డాక ఫ్రేము నాలుగు మూలలనీ వాటికి రాచెట్ పట్టీలతో బిగించండి. 20 మైళ్ల గాలికి ఇది నిలబడుతుంది. 40కి మాత్రం బకెట్లతో సహా వెల్లకిలా పడుతుంది. కాబట్టి ఫోర్‌కాస్ట్‌లో 20 దాటిందంటే స్క్రీన్ విప్పేయండి. ఒట్టి పైపుల్ని గాలి పెద్దగా పట్టించుకోదు.

స్క్రీన్, నెట్

మూడు పొరల పాలియెస్టర్ ఇంపాక్ట్ స్క్రీన్ తీసుకోండి, ఫ్రేము కంటే ప్రతి వైపూ 4 అంగుళాలు తక్కువగా: 9 అడుగుల 4 అంగుళాలు, 7 అడుగుల 10 అంగుళాలు. బాల్ బంజీలతో (చివర గుండు ఉన్న సాగే రబ్బరు తాళ్లతో) కట్టండి. మంచం నవారులా బిగించారంటే బంతి ఎగిరి వెనక్కొస్తుంది. అరచేత్తో నొక్కితే ఆరేడు అంగుళాలు లోపలికి పోవాలి. బంజీల రబ్బరు టెక్సస్ ఎండకి పెళుసెక్కుతుంది, ఒక ప్యాకెట్ అదనంగా ఉంచుకోండి. తడిసిన స్క్రీన్‌ని మడిచి పెడితే బూజు పడుతుంది, రాత్రి మంచుకైనా సరే, ఆరాకే చుట్టండి.

పక్కలకీ పైకీ యూవీ తట్టుకునే, అంగుళం లోపు కన్నాల నెట్ వేయండి. స్క్రీన్ చుట్టూ ఉన్న 4 అంగుళాల సందులోంచి దూరే బంతి కోసం వెనక గోడకి కొక్కేలు కొట్టి ఇంకో నెట్ వదులుగా వేలాడదీయండి.

చాలామంది మర్చిపోయేది షాంక్. బంతి ఉండేది డబ్బా ముందు అంచుకి 5 అడుగుల దూరంలో. హోసెల్‌కి (క్లబ్ తల కర్రకి అతికే చోటికి) తగిలి 45 డిగ్రీలు పక్కకి పోయిన బంతి సరిగ్గా పక్క నెట్ మొదలయ్యే చోటికి చేరుతుంది, ఇంకాస్త వంకరగా పోతే అసలు దొరకదు. అందుకే కుడిచేతివాళ్లకి కుడి పక్కన, బంతి దగ్గర్నుంచే మొదలయ్యే విడి నెట్ ఒకటి ఉండాలి. లాబ్ వెడ్జ్ 35 డిగ్రీల్లో లేచినా 10 అడుగుల దగ్గర బంతి ఎత్తు 7 అడుగులే. అదే మీరు 12 అడుగులకి జరిగితే 8.4 అవుతుంది, స్క్రీన్ దాటేస్తుంది.

మానిటర్, బొమ్మ

పెరటికి రాడార్ రకమే నయం. గార్మిన్ ఆర్10 ఉంది, బంతికి 6 నుంచి 8 అడుగుల వెనక పెడతారు. స్పిన్‌ని చాలావరకు లెక్కగట్టి చెబుతుంది కాబట్టి డ్రా, ఫేడ్ (బంతి గాల్లో ఎడమకో కుడికో వంగడం) విషయంలో దాన్ని పూర్తిగా నమ్మకండి. మేవో ప్లస్ అనే ఇంకో రాడార్ వాడితే బంతికి మెటల్ స్టిక్కర్ అంటించండి. ఆరుబయట ఆడుతున్నా బంతి ఆగేది స్క్రీన్ దగ్గరే కనుక, మానిటర్ యాప్‌లో ఇండోర్ మోడ్ ఉంటే అది ఎంచుకుని స్క్రీన్ దూరం ఇవ్వాలి. చాలా తప్పుడు రీడింగులకి కారణం ఈ ఒక్క సెట్టింగే. పక్కన పెట్టే కెమెరా మానిటర్లకి నేరుగా ఎండ తగిలితే షాట్లు చదవకుండా వదిలేస్తాయి.

పగలు ప్రొజెక్టర్ ఆశ వదులుకోండి. 4,000 ల్యూమెన్ల ప్రొజెక్టర్ 9 అడుగుల వెడల్పు బొమ్మ వేస్తే స్క్రీన్ మీద పడేది సుమారు 950 లక్స్. మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. పగలు ట్యాబ్ చూసుకుంటూ ఆడండి, పొద్దుగూకాకే బొమ్మ. త్రో రేషియో (బొమ్మ వెడల్పుకి ప్రొజెక్టర్ దూరం ఎన్ని రెట్లో) 0.5 ఉన్న షార్ట్ త్రో కొంటే నాలుగున్నర అడుగుల దూరం చాలు. ప్రొజెక్టర్‌ని ఫ్రేముకి వేలాడదీయకండి, ప్రతి షాట్‌కీ బొమ్మ వణుకుతుంది. నేల మీదే ఉంచి, మీ వైపు ఏటవాలుగా ముప్పావు అంగుళం ప్లైవుడ్, దానిమీద ఫోమ్ అడ్డం పెట్టండి. రాత్రి ఆటకి లైటు పెడితే దాని వెలుగు మ్యాట్ మీదకే పడాలి, స్క్రీన్ మీదకి కాదు.

కరెంటు జీఎఫ్‌సీఐ (షాక్ కొట్టకుండా కరెంటు కట్ చేసే రక్షణ) ఉన్న బయటి ప్లగ్ నుంచే తీసుకోండి, 12 గేజ్ అవుట్‌డోర్ కార్డుతో. జీఎస్‌ప్రో అనే గోల్ఫ్ సిమ్యులేటర్ సాఫ్ట్‌వేర్ వాడాలంటే గ్రాఫిక్స్ కార్డున్న విండోస్ పీసీ కావాలి. దాన్ని ఇంట్లోనే పెట్టి హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్ బయటికి లాగితే మోసే సామాను ఒకటి తగ్గుతుంది.

మొదటి షాట్లు

ముందు చేత్తో బంతి విసరండి. తర్వాత వెడ్జ్, ఆపైన 7 ఐరన్, చివర్లో డ్రైవర్. బంతి స్క్రీన్‌కి తగిలి కింద పడి మూడు నాలుగు అడుగులు దొర్లితే బాగున్నట్టే. గాల్లో వెనక్కొస్తే బంజీలు వదులు చేయండి, వెనక ఏదైనా తగులుతోందేమో చూడండి. గీతలు పడి గరుకెక్కిన బంతులు స్క్రీన్‌ని కోసేస్తాయి, వాటిని పక్కన పడేయండి. డ్రైవర్ స్క్రీన్‌కి తగిలే చప్పుడు పక్కింటి బెడ్‌రూమ్‌లోకి బాగానే వినిపిస్తుంది, రాత్రి తొమ్మిదిన్నర దాటాక చిప్పింగ్‌తో సరిపెట్టుకోండి.