వర్చువల్ డేటా సెంటర్‌కు హద్దులు: మొత్తానికి ఒకటి, ఒక్కో వీఎంకు మరొకటి

వీఎంవేర్ క్లౌడ్ డైరెక్టర్‌లో (క్లౌడ్ వనరులను సంస్థలకు పంచే సాఫ్ట్‌వేర్) ఒక సంస్థకు వర్చువల్ డేటా సెంటర్, అంటే ఆ వనరుల్లో దాని వాటా, కేటాయించేటప్పుడు చాలామంది నిర్వాహకులు మొత్తం సీపీయూ, మొత్తం మెమరీ, మొత్తం స్టోరేజీ ఎంతో నింపి, పని పూర్తయిందని అనుకుంటారు. ఆ అంకెలు ఆ సంస్థ మొత్తం వాడకాన్ని మాత్రమే కట్టడి చేస్తాయి. ఒక్క వీఎం (వర్చువల్ మెషీన్) ఎంత పెద్దదిగా ఉండవచ్చో అవి చెప్పవు. చెరువు నీటిలో ఊరి వాటా తేల్చి, తూము వెడల్పు తేల్చకుండా వదిలేసినట్టు ఉంటుంది ఈ ఏర్పాటు. అందువల్ల రెండు హద్దులూ పెట్టాలి. వాటిని ఎక్కడ, ఏ లెక్కతో పెట్టాలో ఒక ఉదాహరణతో చూద్దాం.

ముందు కింద ఉన్న హార్డ్‌వేర్ లెక్క తీయాలి. క్లస్టర్‌లో, అంటే కలిసి పనిచేసే సర్వర్ల గుంపులో, మూడు హోస్టులు (అసలు సర్వర్లు) ఉన్నాయనీ, ఒక్కోదానిలో 2.6 గిగాహెర్ట్జ్ వేగంతో పదహారేసి కోర్లున్న రెండు ప్రాసెసర్లు, 512 జీబీ మెమరీ ఉన్నాయనీ అనుకుందాం. ఒక హోస్టుకు 83.2 గిగాహెర్ట్జ్ చొప్పున మూడింటికి 249.6 గిగాహెర్ట్జ్, 1536 జీబీ వస్తాయి. ఒక హోస్టు పడిపోయినా మిగిలినవి భారం మోయాలి కాబట్టి, పంచడానికి చేతిలో ఉన్నది 166.4 గిగాహెర్ట్జ్, 1024 జీబీ మాత్రమే. హైపర్‌వైజర్ (హోస్టు మీద వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్) తన కోసం వాడుకునేది ఇందులోంచి ఇంకా తీసివేయాలి.

ఇప్పుడు సంస్థ వర్చువల్ డేటా సెంటర్‌ను సృష్టించే విజార్డ్‌లో కేటాయింపు నమూనాను, అంటే వనరులను ఏ పద్ధతిలో ఇస్తామన్నదాన్ని, ఎంచుకోవాలి. అలొకేషన్ పూల్, పే యాజ్ యూ గో, రిజర్వేషన్ పూల్, ఫ్లెక్స్ అనే నాలుగూ కనిపిస్తాయి. ప్రత్యేక కారణం లేకపోతే ఫ్లెక్స్ తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే మిగతా నమూనాల ప్రవర్తనను చాలావరకు దీనిలోనే సెట్టింగుల ద్వారా తెచ్చుకోవచ్చు. రిజర్వేషన్ పూల్‌లో కేటాయించినదంతా ముందే బిగిసిపోతుంది. పైగా ఒక్కో వీఎం రిజర్వేషన్, లిమిట్ మార్చే అధికారం కస్టమర్ చేతికి వెళ్తుంది.

ఫ్లెక్స్ పేజీలో జాగ్రత్తగా చూడవలసినవి సీపీయూ కేటాయింపు, హామీ శాతం (ఇచ్చినదాంట్లో ఖచ్చితంగా పక్కన పెట్టే భాగం), వీసీపీయూ (వీఎంకు ఇచ్చే వర్చువల్ ప్రాసెసర్) వేగం. 40 గిగాహెర్ట్జ్ పరిమితి పెట్టి, వీసీపీయూ వేగాన్ని 2 గిగాహెర్ట్జ్‌గా ఇస్తే ఆ సంస్థ ఒకేసారి 20 వీసీపీయూల వరకు నడుపుకోగలదు. అదే వేగాన్ని 1 గిగాహెర్ట్జ్‌కు తగ్గిస్తే 40 వీసీపీయూలు దొరుకుతాయి. కాగితం మీద ఇది ఉదారంగా కనిపిస్తుంది కానీ, పే యాజ్ యూ గో నమూనాలో, ఫ్లెక్స్‌ను అలా నడిచేలా అమర్చినప్పుడు కూడా, ఈ వేగమే ఒక్కో వీసీపీయూకు పైహద్దుగా మారుతుంది కనుక, 2.6 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ మీద ఉన్న ఒక వీసీపీయూ యంత్రం 1 గిగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోయి, హోస్టు ఖాళీగా ఉన్నా నత్తనడక నడుస్తుంది.

హామీ శాతం 50 అయితే ఆ 40లో 20 గిగాహెర్ట్జ్ నిజంగా పక్కన పెట్టబడుతుంది. సీపీయూను ఇలా రెట్టింపు మేరకు అమ్మడంలో పెద్ద ప్రమాదం లేదు, ఎందుకంటే అన్ని యంత్రాలూ ఒకే క్షణంలో పూర్తి వేగం అడగడం అరుదు. మెమరీ సంగతి వేరు. ఒకసారి తీసుకున్న మెమరీని అతిథి ఆపరేటింగ్ సిస్టమ్ (వీఎం లోపల నడిచేది) సులభంగా వదలదు కాబట్టి, 160 జీబీ ఇస్తే హామీ 80 శాతానికి, అంటే 128 జీబీకి తగ్గకుండా చూడాలి.

స్టోరేజీ పాలసీకి అపరిమితం అనే ఎంపిక ఉంటుంది, దాన్ని ఎంచుకోకూడదు. థిన్ ప్రొవిజనింగ్ (డిస్క్ నిండేకొద్దీ మాత్రమే చోటు తీసుకునే పద్ధతి) ఆన్ చేసినా కోటాలో లెక్కకు వచ్చేది డిస్క్ పూర్తి పరిమాణమే, అంటే 500 జీబీ డిస్క్‌లో 60 జీబీ మాత్రమే నిండినా కోటాలో 500 జీబీ పోతుంది. వీఎం ఆన్ అయినప్పుడు, రిజర్వ్ కాని మెమరీ మేరకు డేటాస్టోర్‌లో (వీఎం ఫైళ్లు ఉండే స్టోరేజీ) స్వాప్ ఫైలు (మెమరీ చాలనప్పుడు వాడేది) కూడా తయారవుతుంది, దానికి చోటు మిగల్చాలి.

ఇంతవరకు పెట్టినవన్నీ మొత్తం హద్దులు. వీటితోనే వదిలేస్తే కస్టమర్ 20 వీసీపీయూలు, 160 జీబీ ఉన్న ఒకే ఒక్క వీఎంను తయారు చేసుకోవచ్చు, కోటా దాన్ని అడ్డుకోదు. మన ఉదాహరణలో ఒక ప్రాసెసర్‌కు పదహారు కోర్లే ఉన్నాయి కాబట్టి ఆ యంత్రం రెండు న్యూమా నోడ్‌ల (ఒక్కో ప్రాసెసర్, దాని దగ్గరి మెమరీ కలిసిన భాగాల) మీద పరుచుకుంటుంది, మెమరీ కోసం అవతలి ప్రాసెసర్ దాకా వెళ్లవలసి వస్తుంది. హోస్టు పడిపోతే దాన్ని తిరిగి లేపడానికి 128 జీబీ రిజర్వేషన్ ఒకే హోస్టులో దొరకాలి. రెండు హోస్టుల్లో చెరో 70 జీబీ ఖాళీ ఉన్నా లాభం లేదు.

ఒక్కో వీఎంకు పెట్టే ఈ రెండో హద్దుకు వీఎం సైజింగ్ పాలసీలు ఉన్నాయి. ప్రొవైడర్ పోర్టల్‌లో (నిర్వాహకులు వాడేది) రిసోర్సెస్, క్లౌడ్ రిసోర్సెస్ కింద వీటిని సృష్టించి, వీసీపీయూ సంఖ్య, సాకెట్‌కు కోర్లు, మెమరీ నింపాలి. మన క్లస్టర్‌కు రెండు వీసీపీయూలు 8 జీబీ, నాలుగు వీసీపీయూలు 16 జీబీ, ఎనిమిది వీసీపీయూలు 64 జీబీ అనే మూడు సైజులు చాలు. అతి పెద్దది కూడా ఒక న్యూమా నోడ్‌లో హాయిగా ఇముడుతుంది. ఖాళీగా వదిలిన అంశాన్ని కస్టమర్ తన ఇష్టం వచ్చినట్టు నింపుకోగలడు కనుక మెమరీ, వీసీపీయూ సంఖ్య రెండూ తప్పక ఇవ్వాలి.

పాలసీలను ఆ వర్చువల్ డేటా సెంటర్‌కు పబ్లిష్ చేసి, చిన్న సైజును డిఫాల్ట్‌గా మార్చాలి. ఆ తరువాత సిస్టమ్ డిఫాల్ట్ అనే పాలసీని జాబితా నుంచి తొలగించాలి. ఎక్కువమంది మరిచిపోయే మెట్టు ఇదే: అది ఉన్నంతకాలం కస్టమర్ తనకు నచ్చిన కొలత టైపు చేసుకోగలడు, మీరు పెట్టిన మూడు సైజులూ అలంకారానికే మిగులుతాయి. ఇప్పటికే నడుస్తున్న యంత్రాలు ఉంటే, తొలగించే ముందే వాటిని సరైన సైజులకు మార్చాలి. సైజు తగ్గేవాటిని ఆపవలసి వస్తుంది కాబట్టి కస్టమర్‌తో సమయం మాట్లాడుకోవాలి.

చివరగా టెనెంట్ పోర్టల్‌లో (కస్టమర్ వాడేది) కస్టమర్ ఖాతాతోనే ప్రవేశించి పరీక్షించాలి. కొత్త వీఎం తెరలో మూడు సైజులే కనిపించాలి. ఎనిమిది వీసీపీయూల యంత్రాలు రెండు ఆన్ చేశాక మూడోది సృష్టించడం కుదిరినా, 20 వీసీపీయూల పరిమితీ 160 జీబీ మెమరీ పరిమితీ దాటుతాయి కనుక ఆన్ చేసేటప్పుడు తిరస్కరణ రావాలి. అది కూడా ఆన్ అయిందంటే, వీసీపీయూ వేగాన్నీ సీపీయూ, మెమరీ పరిమితులనూ మళ్లీ తెరిచి చూడాలి. పరిమితి గడుల్లో అపరిమితం అని ఉండిపోయి ఉండవచ్చు.