పాఠం 4: చచ్చిన కణం ఎంతసేపు పడి ఉంది?

పోయిన పాఠం అభ్యాసంలో ఎక్కువమంది ఒకే చోట జారారు: "కణాలు ఎక్కువగా చావడం వల్ల లూపస్ వస్తుంది" అని రాశారు (లూపస్ అంటే రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసే జబ్బు). కాదు. థైమస్‌లో (ఛాతీలోని గ్రంథి) తయారయ్యే టి కణాల్లో, అంటే ఒక రకం తెల్ల రక్తకణాల్లో, నూటికి 95కి పైగా అక్కడే చస్తాయి. అయినా ఆ కణజాలాన్ని మైక్రోస్కోప్ కింద చూస్తే చచ్చిన కణం అరుదుగా కనిపిస్తుంది. మాక్రోఫేజ్‌లు (చెత్తను మింగే రోగనిరోధక కణాలు) అంత వేగంగా మింగేస్తాయి. మనం చూడాల్సింది చావుల లెక్క కాదు, చావుకీ మింగడానికీ మధ్య గడిచిన సమయం.

అపాప్టోసిస్ (కణం తనను తాను క్రమపద్ధతిలో చంపుకోవడం) దశలు మీకు తెలిసినవే, వదిలేస్తున్నాను. ఫాస్ఫాటిడైల్‌సెరిన్ అనే కొవ్వు కణపు పొర లోపలి నుంచి బయటివైపుకి తిరగడం మాత్రం మరవకండి. మాక్రోఫేజ్‌కి "నన్ను మింగు" అని చెప్పేది అదే. సకాలంలో మింగితే ఐఎల్-10, టీజీఎఫ్-బీటా అనే వాపు తగ్గించే సంకేత ప్రోటీన్లు వెలువడి అంతా సద్దుమణుగుతుంది. ఆలస్యమైతే పొర చిరిగి న్యూక్లియోజోములు (ప్రోటీన్ల చుట్టూ చుట్టుకున్న డీఎన్ఏ ముక్కలు) బయటపడతాయి. వాటికి యాంటీబాడీ అంటుకుంటే ఆ ముద్ద ప్లాస్మాసైటాయిడ్ డెండ్రిటిక్ కణం అనే రోగనిరోధక కణంలోకి చేరి, డీఎన్ఏని పసిగట్టే గ్రాహకం టీఎల్ఆర్9ని లేపుతుంది, లూపస్‌ని రగిలించే ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా పొంగుతుంది.

ఇక అసలు ఉచ్చు. అనెక్సిన్-5 (బయటికి తిరిగిన ఫాస్ఫాటిడైల్‌సెరిన్‌కి అంటుకునేది), ప్రొపీడియం అయోడైడ్ (పొర చిరిగిన కణంలోకే వెళ్ళే రంగు) రెండూ అంటిన కణాల్ని చూసి "నెక్రోసిస్" (దెబ్బతిని ఒక్కసారిగా పగిలి చావడం) అని రాసేస్తున్నారు. దయచేసి రాయకండి. అపాప్టోసిస్‌తో మొదలై తర్వాత పొర చిరిగిన కణమూ ఆ రెండూ అంటిన గుంపులోనే కనిపిస్తుంది. పైగా డిష్‌లో మింగేవాళ్ళే లేరు కాబట్టి అపాప్టోసిస్ మొదలైన కణాలు చివరికి ఆ గుంపులోకే చేరతాయి. ఒక్క సమయంలో కొలిస్తే ఏదీ తేలదు. 2, 4, 8 గంటలకు విడివిడిగా కొలవండి. ముందు అనెక్సిన్ ఒక్కటే అంటి, తర్వాత రెండూ అంటితే మొదలైంది అపాప్టోసిస్‌తోనే. బఫర్‌లో 2.5 మిల్లీమోలార్ కాల్షియం ఉండాలి, అది లేనిదే అనెక్సిన్ అంటదు. ట్రిప్సిన్‌తో (కణాల్ని డిష్ నుంచి ఊడదీసే ఎంజైమ్) పాటు వచ్చిన ఈడీటీఏ మిగిలిపోతే ఆ కాల్షియాన్ని లాగేస్తుంది. నేనైతే కణాల్ని రెండుసార్లు కడగనిదే రంగు వేయను.

మింగడం ఆలస్యమైతే ఏమవుతుందో చూపే ఉదాహరణ సీ1క్యూ. చచ్చిన కణానికి అంటుకుని మింగడాన్ని సులువు చేసే ప్రోటీన్ ఇది. పుట్టుకతోనే ఇది లేనివాళ్ళలో అత్యధికులకు లూపస్ లాంటి జబ్బు వస్తుంది. డీఎన్ఏస్1ఎల్3 (డీఎన్ఏని తెంచే ఎంజైమ్) లోపంలో చిక్కు వేరే చోట: కణం చిరిగాక బయటపడ్డ డీఎన్ఏ ముక్కలు తెగవు.

అభ్యాసం: మెర్‌టీకే (మాక్రోఫేజ్ మీద ఉండి మింగడానికి తోడ్పడే గ్రాహకం) లేని ఎలుకకు లూపస్ లాంటి జబ్బు వస్తుంది. అలాంటిదే మరో గ్రాహకం సీడీ14 లేని ఎలుకలోనూ చచ్చిన కణాలు పేరుకుంటాయి, కానీ ఆటోఇమ్యూనిటీ (సొంత శరీరం మీద దాడి) రాదు. ఈ రెండింటికీ పొసిగే ఒకే వివరణ రాసి, దాన్ని తప్పని తేల్చగల ప్రయోగం ఒకటి సూచించండి.