గెట్టు మీద ఉమ్మడి కంచె: ఎవరి వాటా ఎంత, ఎవరి పని ఏది

కంచె దగ్గర మొదలైన పంచాయితీ చాలాసార్లు చివరికి గెట్టు దగ్గరే తేలుతుంది. అందుకే కడీలు (కంచెకు పాతే రాతి స్తంభాలు) కొనకముందే హద్దు తేల్చుకోవాలి. హద్దులో తేడా అడుగే కదా అనిపిస్తుంది. గుంట అంటే 33 అడుగులకు 33 అడుగులు, 121 గజాలు. 330 అడుగుల గెట్టు పొడవునా కంచె ఒక్క అడుగు జరిగితే దాదాపు 37 గజాలు అటో ఇటో పోయినట్టే.

కొలిపించడానికి యాసంగి వరి కోసిన తర్వాత, మృగశిర రాకముందు మంచి అదును. పొలం ఖాళీగా ఉంటుంది, గెట్టు కనబడుతుంది. మీసేవలో సర్వేకు దరఖాస్తు పెట్టుకుని, సర్వేయర్ వచ్చే రోజు పక్కవాళ్లు కూడా ఉండేలా చూసుకోండి. నోటీసు ఎలాగూ వెళ్తుంది, అయినా ముందు నోటితో చెప్పడమే మర్యాద: "అన్నా, బుధవారం గెట్టు కొలిపిస్తున్న, నువ్వు కూడా ఉండాలె" అంటే పని సగం అయినట్టే. వాళ్లు లేకుండా కొలిపిస్తే కొలత సరిగ్గా ఉన్నా ఒప్పుకోరు. పాత హద్దురాయి దొరికితే కదిలించకండి. సర్కారు పాతిన హద్దురాయిని పీకడం నేరం.

ఖర్చు విషయంలో తికమక అక్కర్లేదు. కంచె సరిగ్గా హద్దు గీత మీద ఉంటే చెరిసగం. ఒకరి నేలలోకి జరిపి పాతితే అది వారి కంచె, ఖర్చూ మరమ్మతూ వారివే. పక్కవారు డబ్బు ఇవ్వనంటే పట్టుబట్టకండి. ముందు ఒప్పందం లేకుండా వేసేసి, తర్వాత సగం వసూలు చేయడం కష్టం. అలాంటప్పుడు కడీలు పూర్తిగా మీ నేలలోనే పాతుకుని, హద్దురాళ్లు కూడా కనబడేలా ఫోటోలు తీసి పెట్టుకోండి.

ఇద్దరూ ఒప్పుకుంటే 100 రూపాయల బాండు పేపరు మీద రాసుకుని, ఇద్దరు సాక్షులతో సంతకాలు చేయించండి. సర్వే నంబర్లు, గెట్టు పొడవు, కడీల లెక్క, ఎవరు ఎంత పెట్టారు అన్నవి అందరూ రాస్తారు. గొడవ మాత్రం రాయని వాటి దగ్గరే వస్తుంది. మరమ్మతును 'ఇద్దరం చూసుకుంటాం' అని వదిలేస్తే ఎవరూ చూడరు. కడీలకు రంగుతో నంబర్లు వేసి, 1 నుంచి 17 వరకు ఒకరు, 18 నుంచి 34 వరకు ఇంకొకరు అని పంచుకోండి. పశువులు తెంపితే పశువుల యజమాని, వరికోత మిషన్ తగిలి కడీ విరిగితే మిషన్‌ను పిలిపించుకున్నవారు, పందులో వరదో పాడుచేస్తే ఇద్దరూ పెట్టుకోవాలని రాయండి. కౌలుకిచ్చినా, అమ్మినా కొత్తవారికి ఈ కాగితం చూపించాలన్న మాట కూడా ఉండాలి.

ఇంకొకటి. గెట్టు వంకరగా ఉన్నచోట కంచె తిన్నగా పోవాలని ఒకరు కొంత నేల బయటికి వదిలేస్తారు. ఆ ముక్కను అవతలివారు 12 ఏళ్లు తమదే అన్నట్టు బహిరంగంగా దున్నుకుంటే, 1963 కాలపరిమితి చట్టం చూపించి హక్కు అడగవచ్చు. ఫలానా ముక్క ఫలానావారిదే, పక్కవారు అనుమతితో వాడుకుంటున్నారు అని ఒక్క వాక్యం రాసుకుంటే ఆ వాదన నిలవడం కష్టం.

ఇక సామాను. 330 అడుగులకు పది అడుగులకొకటి చొప్పున 34 కడీలు, ఊతానికి మరో ఎనిమిది. ఏడడుగుల రాతికడీ రెండడుగులు భూమిలోకి పోవాలి. చల్కనేలలో (ఇసుక కలిసిన ఎర్రనేలలో) అది చాలు. రేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది కాబట్టి అక్కడ కడీ ఒరుగుతుంది. గుంత రెండున్నర అడుగులు తీసి, తవ్విన మట్టి కాకుండా మొరం, రాళ్లు పోసి దిమ్మిస కొట్టాలి. అంత లోతుకు ఏడున్నర అడుగుల కడీలు తీసుకోవాలి. మూలల్లో మాత్రం సిమెంటు కాంక్రీటు వేయండి, దాన్ని వారం రోజులు తడపండి. అది గట్టిపడకముందే తీగ లాగడంవల్లే మూలకడీలు లోపలికి వంగుతాయి, దాంతో తీగ మొత్తం వదులవుతుంది. మూలలకూ, మధ్యలో పది కడీలకొకసారీ ఏటవాలు ఊతం తప్పనిసరి.

12 గేజీ ముళ్లతీగ కిలోకు సుమారు ఎనిమిది, తొమ్మిది మీటర్లు వస్తుంది. ఐదు వరసలకు 60 కిలోలు, తరుగుతో కలిపి 65 తెచ్చుకోండి. వరసలు సమదూరంలో వేయడం చూడ్డానికి బాగుంటుంది, పనికి రాదు. నేల నుంచి 6, 14, 24, 38, 54 అంగుళాల ఎత్తుల్లో, కింద దగ్గర దగ్గరగా వేయాలి. ములుగు, భూపాలపల్లి వైపు అడవి అంచు ఊళ్లలో పందులు కింది వరస ఎత్తుకునే దూరతాయి. దీంతో అవి పూర్తిగా ఆగుతాయని కాదు, తగ్గుతాయి. కోతులకైతే ఏ తీగా అడ్డం కాదు.

తీగను ట్రాక్టరుకు కట్టి లాగకండి, తెగితే వెనక్కి కొడుతుంది. గడ్డపారకు చుట్టి మెల్లగా బిగించి, ప్రతి కడీకి జీఐ (జింకు పూత) బైండింగ్ తీగతో కట్టండి. గెట్టు మీది తాటిచెట్టును కడీ లెక్కలో వేసుకోవద్దు. మేకులు కొడితే చెట్టు పాడవుతుంది, గీసే గౌడన్నకు ఎక్కే చోటూ ఉండదు. మిషన్ దిగడానికి 15 అడుగుల దారి వదిలి, అక్కడ తీసి పెట్టుకునే కర్రలు వాడండి. వాననీరు గెట్టు దాటేచోట కింది రెండు వరసలు విడిముక్కలుగా, వదులు ముడితో కట్టాలి. చెత్త పేరుకుని నీటి ఒత్తిడి పెరిగితే ఆ ముక్కే పోతుంది, కంచెంతా కూలదు.

కంచెకు నేరుగా కరెంటు పెట్టడం గురించి బేరమే లేదు. పందికోసం పెట్టిన తీగకు మనుషులు చనిపోతున్నారు, పెట్టినవారు జైలుకు పోతున్నారు. సోలార్ కంచె (చిన్న షాక్ మాత్రమే ఇచ్చేది) అయితే పక్కవారి ఒప్పుకోలు, హెచ్చరిక బోర్డులు ఉండాలి, స్విచ్ ఎక్కడుందో ఇద్దరికీ తెలియాలి.

వానలకు ముందొకసారి, వానాకాలం వరి కోశాక ఒకసారి ఇద్దరూ కలిసి కంచె వెంట నడవండి. తీగకు పాకిన తీగజాతి మొక్కలు కోసేయండి, అవి తడి నిలిపి తుప్పు తెస్తాయి. తెగినచోట కొక్కెంలా తగిలించి వదిలేస్తే వారంలో ఊడుతుంది. రెండు కొసలకూ ఉచ్చులు చేసి, ఒకదానిలోంచి ఒకటి దూర్చి, పట్కారుతో ఒక్కో కొసను ఐదు చుట్లు తిప్పి బిగించాలి. తోలు గ్లౌజులు వేసుకోండి. తుప్పు ముల్లు గుచ్చుకుంటే గాయం కడిగి, ధనుర్వాతం రాకుండా ఇంజెక్షన్ కోసం అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీకి) వెళ్లండి.